బస్సు ఆగే చోట

అక్క పోయిందన్న కబురు మా పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో చదివినప్పుడు నేను మెట్రోలో ఉన్నాను. దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాలి. రైలు అసెంబ్లీ దాటింది. తరువాతి స్టేషన్ నాంపల్లి అని వినపడగానే ఎందుకో లేచి దిగిపోయాను. దిగాక ఎక్కడికి వెళ్ళాలో తోచలేదు. ప్లాట్‌ఫారం మీద బెంచీ చూసుకుని కూర్చుని, ఆ రెండు ముక్కల కబురునే మళ్ళీ మళ్ళీ చదివాను. కింద ఒక్కొక్కరే చేతులు జోడించిన బొమ్మలు పెడుతున్నారు. నాకు మాత్రం ఆవిడ గొంతు వినిపిస్తోంది.

"ఇది గీడెందుకున్నది?"

ఆఫీసులో ఎవరు రాసిన కంప్యూటర్ కోడ్ చదివినా అక్క మొదట అడిగే మాట అదే. బాగుందా అని కాదు. పనిచేస్తుందా అని కూడా కాదు. ఇది ఇక్కడ ఎందుకుంది? జవాబు చెప్పలేక మనం నీళ్ళు నములుతుంటే ఆవిడ కోప్పడేది కాదు. స్క్రీన్ మీదికి ఇంకాస్త వంగి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, "తెలుగుల చెప్పు" అనేది. ఇంగ్లిషులో అయితే పెద్ద పెద్ద మాటల చాటున దాక్కోవచ్చు. తెలుగులో చెప్పాలంటే అది చేసే పనేమిటో నిజంగా తెలియాలి. చెబుతూ చెబుతూ మధ్యలో "ఇంకా" అన్నామా, చెయ్యెత్తి ఆపేది. "ఆగు. 'ఇంకా' అన్నవంటే గవి రెండు పనులు. విడగొట్టు."

ఆవిడ పేరు ఇక్కడ రాయను. రాసినవాళ్ళ పేరు కోడ్ నెత్తిన పెట్టుకోవడం ఆవిడకు నచ్చేది కాదు. మా అందరికీ అక్క, అంతే. మా యజమాని ఆవిడకంటే పెద్దవాడే, అయినా ఆయనకూ అక్కే.

మా ఆఫీసు ఆబిడ్స్‌లో ఒక పాత కాంప్లెక్స్ పై అంతస్తులో ఉండేది. కింద యజమాని వాళ్ళ నాన్నగారి బట్టల దుకాణం. ఒకప్పుడు బట్టల థాన్లు పెట్టుకున్న గోదామునే ఖాళీ చేసి మాకు ఆఫీసు చేశారు. వానాకాలంలో గోడలు గంజి వాసన వేసేవి. అక్క టీ ఎప్పుడూ కూర్చుని తాగేది కాదు. ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు గ్లాసులో పోయించుకుని, వరండాలో నిలబడి, కింది ట్రాఫిక్‌ను చూస్తూ తాగేది. నేను చేరిన కొత్తలో పక్కన నిలబడితే, "హిమాయత్‌నగర్ల పుట్టి పెరిగిన్నంటివి, మరి ఈ 'అండీ అండీ' ఏంది?" అని నవ్వింది. మా తాతగారు యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డప్పుడు గుంటూరు నుంచి ఉద్యోగం మీద వచ్చారనీ, మా ఇంట్లో ఇప్పటికీ అలాగే మాట్లాడతారనీ చెప్పాను. "మంచిదే. జర మాదీ నేర్చుకో," అంది. నవ్వేటప్పుడు ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది.

మేం చేసేది బడి బస్సుల యాప్. నిజానికి ఒకటి కాదు, మూడు. పిల్లల బస్సు ఎక్కడుందో, ఎక్కడ ఆగుతుందో తల్లిదండ్రులకు చూపించేది ఒకటి. ఎక్కడ ఆపాలో డ్రైవరుకు చెప్పేది ఒకటి. బడి ఆఫీసుకు ఒకటి. మొదటిది రాశాక, దాన్నే కాపీ చేసి, రంగు మార్చి, పైపైన దిద్ది మిగతా రెండూ తయారుచేశారు. దాంతో ఒకే పని చేసే కోడ్ మూడు చోట్ల ఉండేది. ఒకదాంట్లో తప్పు దొరికితే గుర్తుపెట్టుకుని మిగతా రెంటిలోనూ దిద్దాలి. పనుల తొందరలో ఒక్కోసారి దిద్దేవాళ్ళం, ఒక్కోసారి మరిచిపోయేవాళ్ళం. అందరికీ ఉమ్మడిగా పనికొచ్చే కోడ్‌ను విడిగా లైబ్రరీలుగా చేసి, ఒక్కచోట పెట్టి, మూడు యాపులూ అక్కడి నుంచే తీసుకునేలా మార్చాలని అక్క ఎప్పటి నుంచో అంటూనే ఉంది. "చేద్దాం అక్కా, జర ఈ ఆర్డర్ పోనీ," అని యజమాని వాయిదా వేస్తూనే ఉన్నాడు.

ఆ జనవరిలో, ఏటా జనం పోటెత్తే ఎగ్జిబిషన్ మొదలైంది. నాంపల్లిలో మధ్యాహ్నం నుంచి కొన్ని దారులు మూసేశారు. ఒక బస్సు రోజూ ఆగే చోట ఆగే వీలు లేక, బడివాళ్ళు మధ్యాహ్నం పూటకు వేరే చోటు పెట్టారు. పూటకొక చోటు అనేసరికి మా కోడ్ తికమక పడేది. పొద్దుటి చోటునే పట్టుకుని వేలాడేది. డ్రైవరు యాప్‌లో ఆ తప్పు అంతకుముందే ఎవరో గమనించి దిద్దారు. తల్లిదండ్రుల యాప్‌లో దిద్దలేదు.

డ్రైవరు తన ఫోన్ చూపించిన కొత్త చోట బస్సు ఆపాడు. ఆ రోజు బస్సులో ఆయా లేదు. ఒకటో తరగతి పిల్ల ఒక్కతే దిగింది. వాళ్ళమ్మ తన ఫోన్ చూపించిన పాత చోట, రోడ్డు మలుపు అవతల, జనం మధ్య నిలబడి ఎదురుచూస్తోంది. బస్సు రాదు. బడికి ఫోన్ చేస్తే పిల్ల దిగిపోయిందంటారు. ఆ తల్లి అక్కణ్ణుంచి మొదలుపెట్టి ఎగ్జిబిషన్ గేటు గేటుకూ పరిగెత్తింది. చివరికి పిల్ల ఒక జామకాయల బండి పక్కన, బండామె చీరకొంగు పట్టుకుని కూర్చుని కనిపించింది. ఏమీ కాలేదు. బండామె మంచిది కాబట్టి ఏమీ కాలేదు.

బడివాళ్ళ ఫోన్ సాయంత్రం వచ్చింది. వెంటనే తల్లిదండ్రుల యాప్‌లోనూ దిద్దేశాం. ఇంక అయిపోయిందనుకున్నాం. అక్క మాత్రం మూడు యాపుల కోడ్‌నూ పక్కపక్కన తెరిచి, వరస వెంట వరస చదవడం మొదలుపెట్టింది. మరునాడు పొద్దున నాతో, "రా, పోదాం," అంది. ఎక్కడికని అడిగితే, "ఆ తల్లి దగ్గరికి," అంది.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో వాళ్ళ ఇల్లు. ఆమె తలుపు సగమే తీసింది. ఎవరమో చెప్పగానే ముఖం మారిపోయింది.

"సారీ చెప్పనీకొచ్చిన్రా? మీ సారీ నేనేం చేసుకోవాలె?"

"సారీ చెప్పనీకి కాదమ్మా," అంది అక్క. "తప్పు మాదే. బడోళ్ళది కాదు, డ్రైవర్‌ది కాదు. మీ ఫోన్ల పాత జాగ ఎందుకు చూపెట్టిందో నాకెరుక. నిన్ననే దాన్ని సరిచేసినం. గని గసుంటివి ఇంగ ఉన్నయి. అన్ని సరిచేస్తున్నం. గది మీకు తెల్వాలె."

"ఇంగ ఉన్నయా?" అంది ఆమె. "గవన్ని సరయ్యేదాంక నేనేం చెయ్యాలె? నేను దుకాణంల నౌకరీ చేస్త. ఉత్తగ రోడ్డు మీద నిలబడనీకి నాకు టైమ్ ఎక్కడిది? గా ఫోన్ చూసుకొనే కదా నేను వొచ్చేది!"

నేనైతే ఏదో ఒకటి సర్దిచెప్పేదాన్ని. అక్క ఆ పని చెయ్యలేదు. లోపలి నుంచి పిల్ల తొంగిచూసింది. తల్లి ఆ పిల్లను వెనక్కి తోసి తలుపు వేసేసింది. తిరిగొచ్చి ఆఫీసు మెట్లు ఎక్కుతూ అక్క, "సక్కగ అడిగింది," అని తనలో తను అనుకుంది.

నేరుగా యజమాని గదిలోకి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది కాబట్టి అందరం విన్నాం.

"కొత్త పనులన్ని ఆపు. మూడిట్ల ఉన్నదాన్ని ఒక్కతాన పెడతం. నెల పైన పడుతది."

"అక్కా, సరిచేసినం గద?"

"ఒకటి చేసినం. మూడు పక్కపక్కన పెట్టి చదివిన. ఏడికాడికి తేడాలున్నయి. సెలవు దినం దీంట్ల ఒక తీరు, దాంట్ల ఒక తీరు."

"ఔ, గని జూన్ వరకు పెద్ద బడులోళ్ళకు కొత్త మ్యాపు ఇస్తమన్నం. మనం ఇయ్యకుంటే వేరేటోళ్ళ దగ్గరికి పోతరు. ఈ పని కస్టమర్‌కు కనవడనే కనవడదు. కనవడని పనికి నెలంత ఎట్లియ్యాలె, చెప్పు?"

"ఆ తల్లి ఒకటి అడిగింది. గది సరయ్యేదాంక నేనేం చెయ్యాలె అని. నాకు జవాబు రాలె. నువ్వొచ్చి చెప్పు. జూన్ అయినంక చూస్తం అని చెప్పు. నేను పక్కన నిలబడ్త."

యజమానికీ చిన్న కూతురుంది. చివరికి, "చెయ్యి," అన్నాడు. ఆ మాట తనచేత అనిపించినందుకు ఆవిడ మీద చాలాకాలం కోపంగానే ఉన్నాడు.

పని మొదలైంది. ఉమ్మడి లైబ్రరీ ఒకటి నేనే మొదలుపెట్టి, దానికి 'కామన్' అని పేరు పెట్టాను. అందరం అలాగే పెడతాం. అక్క చూసి, నన్ను లేవదీసి, కింది దాకా తీసుకెళ్ళింది. మెట్ల కింద చీకటి మూల. విరిగిన కుర్చీలు, చెయ్యి లేని దుకాణం బొమ్మలు, ఎవరివో పాత బోర్డులు. వాచ్‌మన్‌ను పిలిచి, "ఈ సామాన్ ఎవలది?" అని అడిగింది.

"ఎవలదో తెల్వదు మేడం. అందరు ఈడనే పెడ్తరు."

"ఎవలన్న తీస్తరా?"

"ఎవలు తీస్తరు మేడం? ఎవలిదని తీస్తరు?"

అక్క నావైపు చూసింది. "కామన్ అని పేరు పెట్టినవంటే నీ లైబ్రరీ గూడ గిట్లనే అయితది. అది చేసే పని పేరు పెట్టు."

అలా 'ఆగే చోటు' ఒక లైబ్రరీ అయింది. 'దారి' ఒకటి. 'వేళ' ఒకటి. ఒక్కొక్కదాని బాధ్యత ఒక్కొక్కరికి ఇచ్చింది. బస్సు ఎక్కడ ఆగుతుందో లెక్కవేసే కోడ్ ఇప్పుడు ఒక్కచోటే ఉంటుంది. అక్కడ దిద్దితే మూడు యాపుల్లోనూ దిద్దినట్టే. ఊపు మీదున్న నేను బటన్లను కూడా ఉమ్మడి చేసేద్దామన్నాను. మూడిట్లోనూ అవి ఒకేలా ఉన్నాయి కదా!

"ఒద్దు," అంది అక్క. "డ్రైవర్ ఒక్క చెయ్యి స్టీరింగ్ మీద పెట్టి ఒత్తుతడు. తల్లి నిలబడి చూస్కుంట ఒత్తుతది. ఆయనకు పెద్దగుండాలె, ఈమెకు అక్కర్లేదు. ఇయ్యాల ఒక తీరున్నయని కట్టేస్తే రేపు ఇద్దరిల ఎవలో ఒకలు తిప్పలవడ్తరు. ఒక్క తీరు కనవడ్డయన్ని ఒక్కటి కాదు చెల్లె."

ఇన్నేళ్ళలో నేను పెద్ద పెద్ద కంపెనీల్లో పనిచేశాను, ఎన్నో సభలకు వెళ్ళాను. ఈ విషయం మీద అంతకంటే మంచి మాట వినలేదు.

ఆ రోజుల్లో మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక అక్క కనిపించేది కాదు. అందరం డబ్బాలు తెరిచేటప్పుడు తను పని చేసుకుంటూనే ఉండేది. తరువాత లేచి, "ఇంట్ల తినొస్త," అని వెళ్ళిపోయి, ఎండ తగ్గే వేళకు తిరిగొచ్చేది. పని ఆపించి మరీ తను ఇంటికెళ్తుందని యజమాని సణిగేవాడు. ఒకరోజు బడివాళ్ళు ఆవిడతోనే మాట్లాడాలని పట్టుబట్టారు. అక్క ఫోన్ ఎత్తలేదు. ఆయన చిరాకుపడి, "పోయి పిలుచుకొని రా," అని నన్ను పంపాడు. ఆవిడ ఇల్లు నాంపల్లిలోనే అని తెలుసు, గుమ్మం తెలియదు. ఆటో దిగి, ఎవరినైనా అడుగుదామని చూస్తుంటే రోడ్డు పక్కన ఆవిడే కనిపించింది.

బస్సు మధ్యాహ్నం ఆగే కొత్త చోటు అది. అక్క కొంగు తల మీదికి లాక్కుని, ఎగ్జిబిషన్‌కు వచ్చే జనం రాసుకుంటూ పోతుంటే కదలకుండా నిలబడి ఉంది.

"అక్కా! మీరిక్కడ..."

"ఆగు. బస్సు వొస్తది."

బస్సు వచ్చింది. పిల్లలతోపాటు ఆయా దిగింది. ఆ చిన్నపిల్లా దిగింది. తల్లి అప్పటికే వచ్చి కొంచెం ఎడంగా నిలబడి ఉంది. పిల్ల పరిగెత్తుకెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆమె మావైపు ఒకసారి చూసింది. పలకరించలేదు, నవ్వలేదు. పిల్లను తీసుకుని వెళ్ళిపోయింది.

"మాట్లాడదా మీతో?" అని అడిగాను.

"ఎందుకు మాట్లాడాలె? నేనున్ననా లేనా చూస్కుంటది. గంతే. చాలు."

"రోజూ వస్తున్నారా?"

"కోడ్ అయ్యేదాంక మనిషి ఉండాలె గదా." అదేదో మామూలు సంగతిలా అనేసి, చెమట తుడుచుకుంది. "సేటుకు చెప్పకు. పని చెయ్యమంటే రోడ్డు మీద నిలబడ్డదంటడు."

ఆఫీసుకు వెళ్ళి, ఇంట్లో లేరు, దారిలో కలిశారని చెప్పాను. కొద్దిసేపట్లో ఆవిడ వచ్చి బడివాళ్ళతో మాట్లాడింది.

లైబ్రరీలన్నీ సిద్ధమై, మూడు యాపులూ వాటి మీద నిలబడి, కొత్తవి అందరి ఫోన్లలోకీ చేరాయి. ఆ మరునాడు మధ్యాహ్నం అక్క కూడా మాతోపాటు కూర్చుని డబ్బా తెరిచింది. నేను దగ్గరికెళ్ళి మెల్లగా, "ఇవాళ పోలేదా?" అన్నాను. "ఇంగేం అవసరం?" అంటూ తన డబ్బాలోంచి పచ్చిపులుసు నా పళ్ళెంలో పోసింది.

యజమాని భయపడ్డట్టే జరిగింది. పెద్ద బడులవాళ్ళు జూన్ దాకా ఆగలేదు. ఆయన మాదాపూర్ నుంచి ఒకతన్ని తెచ్చి అక్క స్థానంలో మా జట్టుకు లీడ్‌గా కూర్చోబెట్టాడు. మాకు కడుపు మండింది. ఆవిడ తన కుర్చీ, స్టీలు గ్లాసు తీసుకుని కిటికీ పక్కకు మారి, అతనికి ప్రతి లైబ్రరీనీ ఓపిగ్గా, తెలుగులో, చెప్పింది. బాధగా లేదా అని ఒకసారి అడిగాను. "ఉంటది," అంది. "గని ఆయన నాకు ఇచ్చిన నెల దినాలు ఆయనకు మస్తు భారమైనయి. గది గూడ చూడాలె గద."

మళ్ళీ జనవరి వచ్చింది. మళ్ళీ దారులు మూశారు. ఈసారి చాలా బస్సుల చోట్లు ఒకేరోజు మారాయి. ఆ మధ్యాహ్నం అక్క మూడు ఫోన్లు టేబుల్ మీద వరసగా పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మేమంతా చుట్టూ చేరాం. వేళయ్యింది. మూడు తెరల మీదా ఒకేసారి కొత్త చోటు కనిపించింది. బస్సులు ఒక్కొక్కటిగా వచ్చి ఆగాయి, కదిలాయి. బడి నుంచి ఫోన్ రాలేదు. ఎవరి నుంచీ రాలేదు.

అప్పుడే గదిలోకి వచ్చిన కొత్త లీడ్ మా గుంపు చూసి కంగారుగా, "ఏమైంది?" అన్నాడు.

"ఏం కాలే," అంది అక్క. ఆ రెండు మాటలు అంత ఆనందంగా అన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

తరువాత నేను ఆ ఆఫీసు వదిలి గచ్చిబౌలి వైపు వచ్చేశాను. ఎప్పుడైనా ఫోన్ చేస్తే తన సంగతులు చెప్పేది కాదు, నా కోడ్ గురించి అడిగేది. దవాఖానాల చుట్టూ తిరుగుతోందని ఆ మధ్య విన్నాను. వస్తానంటే, "ఫికర్ చెయ్యకు, మంచిగైనంక రా," అంది. ఆ మాట నమ్మాను.

ఆ రోజు స్టేషన్లో కూర్చున్నదాన్ని లేచి, గ్రూపులో పెట్టిన గుర్తులు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అప్పటికే అంతా అయిపోయింది. నీళ్ళు చల్లిన వాకిట్లో అక్క వాళ్ళ అన్నగారు కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్ళకు దండం పెడుతున్నారు. వదినగారు నన్ను లోపలికి తీసుకెళ్ళి చాప వేసింది. అక్క పెళ్ళి చేసుకోలేదు. మొదటి నుంచీ వీళ్ళతోనే ఉంది.

"మీరు ఆఫీసోళ్ళా? ఆమె ఏం పని చేసేదో మాకు సక్కగ తెల్వదమ్మా. కంప్యూటర్ పని అంటుండె," అంది వదినగారు.

ఎలా చెప్పాలో తెలియక, ఆ బస్సు సంగతే చెప్పాను. పిల్ల తప్పిపోవడం, కోడ్ అంతా ఒక్కచోటికి చేర్చడం, అది అయ్యేదాకా అక్క రోజూ మధ్యాహ్నం వెళ్ళి ఎండలో నిలబడడం. ఆమె వింటూ వింటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో, గది ఆఫీసు పనా?" అంది. "మేము వేరే అనుకున్నం. మా మరిది చూసొచ్చి చెప్పిండు, ఆమె రోజు బడి పిల్లలు దిగేకాడ నిలబడ్తున్నదని. పిల్లలు లేరని మనసుల బెంగ పెట్టుకున్నదేమో అనుకున్నం. అడిగితే బాధపడ్తదని ఎవ్వలం అడగలె. బస్సు పోయినంక ఇంటికొచ్చి తినేది. అప్పటిదాంక పచ్చి మంచినీళ్ళు గూడ ముట్టకపోయేది. నేను ఒక్క మాట అనకుంట వడ్డించేదాన్ని."

"బెంగ కాదండీ. పనే. ఆ పని అవగానే మానేశారు కూడా," అన్నాను. అక్క గురించి ఎవరూ తప్పుగా అనుకోకూడదని నాకు తొందర.

వదినగారు నావైపు వింతగా చూసింది.

"మానలేదమ్మా. రోజు పోవుడు మానింది గని, ఏటా బడి తెరిచిన దినం పోయి, ఒక పిల్లను, మీరు చెప్పిన ఆ పిల్లనే అయ్యుంటది, దూరం నుంచి చూసొచ్చేది. వచ్చి చెప్పేది నాకు, వదినా, ఎంత పెరిగిందో చూడు అని. పోయిన జూన్ల నడవనీకి చేతగాకున్నా ఆటో మాట్లాడుకొని పోయింది." ఆమె చాప మీది నుంచి మెల్లగా లేచి నిలబడి, అరచెయ్యి తన భుజం దగ్గర ఆనించి పట్టుకుంది. "గింత అయిందట."